24 వోల్టుల బుగ్గ

విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీ సామాన్లు అమ్మే షాపు ముందు, తుప్పు పట్టిన కమాను కట్టల పక్కన, బండి నెత్తిన తిరుగుతూ వెలిగే ఎర్ర బుగ్గ ఒకటి బోర్లా పడి ఉంది. నేను వెళ్లింది మా వ్యాన్‌కి సైడు అద్దం కోసం. అద్దం దొరకలేదు. ఆరువందలు చెప్పిన బుగ్గని నాలుగువందల యాభైకి బేరమాడి, సంచిలో వేసుకుని ఇంటికొచ్చాను.

మనవైపు బుగ్గ అనగానే ఎవరికైనా మంత్రిగారి కారే గుర్తొస్తుంది. మా ఇంట్లో మాత్రం బుగ్గంటే ఫైరింజను. నాన్న అగ్నిమాపక శాఖలో డ్రైవర్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు. బండి నడపడమే కాదు, మంట దగ్గరికి చేరాక పంపు నడిపేదీ ఆయనే. వేసవొస్తే గడ్డివాములు, తాటాకిళ్లు, అప్పుడప్పుడూ మిరపకాయల గోడౌన్లు. రాత్రిపూట క్వార్టర్స్‌లో పడుకుని ఉంటే ముందు గంట మోగేది. కాసేపటికి కిటికీలోంచి ఎరుపు లోపలికొచ్చేది. క్యాలెండర్ దగ్గర మొదలై, దేవుడి పటాల మీదుగా తలుపు దాకా జారుకుంటూ వెళ్లి మాయమయ్యేది. మళ్లీ క్యాలెండర్ దగ్గర పుట్టేది. ఇప్పటి బళ్ల మీద లైట్లు టపటపా కొట్టుకుంటాయి, గోడ మీద పాకవు. నాకు కావలసింది ఆ పాకడం.

వచ్చీ రాగానే నా బైకు బ్యాటరీకి రెండు వైర్లు తగిలించి చూశాను. లోపల ఏదో మూలిగింది. వెలుగుని ఒకవైపు విసిరే రిఫ్లెక్టర్, ముసలాయన మంచం మీద ఒత్తిగిల్లినట్టు నెమ్మదిగా అర చుట్టు తిరిగి ఆగింది. బల్బు ఆరిపోబోయే నిప్పుకణికలా నారింజ రంగులో ఉంది. మోటారు పోయింది, బల్బు కూడా పోయేట్టుంది, నాలుగొందల యాభై గోవిందా అనుకున్నాను. నాన్న పేపరు పక్కన పెట్టి లేచొచ్చి, బుగ్గని తిరగేసి, అడుగున మట్టిని బొటనవేలితో తుడిచారు.

"ఇక్కడ 24 అని ఉంది, చూడలేదా? లారీ మీద బతికిన లైటురా ఇది. దీనికి రెండు బ్యాటరీలు కావాలి."

కార్లకి, బైకులకి 12 వోల్టులు. టాటా, లేలాండ్ ఛాసిస్ మీద కట్టిన ఫైరింజన్లకి, లారీలకి రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసలో కలిపి 24. ముప్పై ఏళ్లు ఆ బండి పక్కనే పెరిగినవాణ్ని, నాకిది తట్టలేదు. తమ్ముడి బైకు బ్యాటరీ కూడా విప్పి, రెండూ వరసలో కలిపాను. ఈసారి ఒక్క కుదుపుతో మోటారు అందుకుంది. హాలు గోడల మీద ఎరుపు పరుగు తీసింది. అమ్మ వంటింట్లోంచి "ఏం తగలబెట్టార్రా?" అని అరిచింది. నిజంగానే కాలిన వాసన వస్తోంది. ఏళ్ల తరబడి లోపల పేరుకున్న దుమ్ము, బల్బు వేడికి మాడుతోంది.

లోపలున్నది హెచ్1 హాలోజన్ బల్బు, 24 వోల్టులు, 70 వాట్లు. పది నిమిషాలయ్యేసరికి పైనున్న ఎర్ర మూత, అదే డోము మీద చెయ్యి పెట్టలేకపోయాను. డోము లోపలివైపు ఒకచోట అప్పడంలా ఉబ్బి గోధుమరంగుకి తిరిగి ఉంది. ఎప్పుడో బండి ఆగి, బుగ్గ తిరగక, వేడంతా ఒక్కచోటే తగిలినప్పటి మచ్చ అయుంటుందని నాన్న అన్నారు. దీన్ని ఇంట్లో రోజూ కాసేపు వెలిగించాలంటే హాలోజన్‌తో అయ్యే పని కాదు.

కరెంటు సంగతి కూడా తేలింది. పాడైన వాటర్ ప్యూరిఫయర్‌లోంచి తీసిన అడాప్టర్ ఒకటి అటక మీద ఉంది. ఆర్‌ఓ మెషిన్లలో పంపుకి వాడేది 24 వోల్టులే. మాది రెండున్నర ఆంపియర్లది. దానికి తగిలిస్తే బల్బు ఒక్కసారి మిణుక్కుమంది, ఆరిపోయింది, మళ్లీ మిణుక్కుమంది. 70 వాట్లంటేనే దాదాపు మూడు ఆంపియర్లు. దానికి తోడు చల్లగా ఉన్న ఫిలమెంటుకి నిరోధం చాలా తక్కువ, వెలిగే క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు లాగుతుంది. అడాప్టర్ భయపడి తనను తాను కట్టేసుకుంటోంది. ఎల్‌ఈడీ పెడితే ఇదే అడాప్టర్ హాయిగా నడుపుతుంది. పని మొదలుపెట్టింది మార్చి చివర్లో. ఏప్రిల్ 14కి పూర్తి చేయాలనుకున్నాను. 1944లో ఆ రోజున బొంబాయి రేవులో మందుగుండుతో ఉన్న ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. అప్పట్నుంచీ అది వాళ్ల రోజు. ఆ సాయంత్రం నాన్న పాత స్నేహితులు ఇద్దరు ఏటా మా ఇంటికి టీకి వస్తారు.

ఎల్‌ఈడీకి మార్చడం అంటే బల్బు పీకి బల్బు పెట్టడమే అనుకున్నాను. ఆన్‌లైన్‌లో హెచ్1 సైజులో, 9 నుంచి 32 వోల్టుల దాకా పనిచేసే తెల్ల ఎల్‌ఈడీ ఒకటి తెప్పించాను. ఫ్యాన్ లేనిది చూసి తీసుకున్నా, ఎందుకంటే అడుగున మోటారుంది, బల్బు వెనక ఫ్యాన్ తోక పట్టే జాగా లేదు. తెల్లదైతే వెలుతురు ఎక్కువ, ఎరుపు సంగతి డోము చూసుకుంటుంది అని నా లెక్క.

రాత్రి లైట్లన్నీ ఆర్పి స్విచ్ వేశాను. మోటారు తిరుగుతోంది, బల్బు వెలగలేదు. పైగా రిఫ్లెక్టర్ ఎటు తిరగాలో దానికి ఎదురు తిరుగుతోందని నాన్న పట్టేశారు. రెండు వైర్లూ వెలిసిపోయి ఒకే నలుపులో ఉన్నాయి, ప్లస్ మైనస్ తారుమారు చేశాను. హాలోజన్‌కి ఆ పట్టింపు లేదు, ఎల్‌ఈడీకి ఉంది. వైర్లు మార్చాక వెలిగింది. వెలిగితే గోడ మీద పడ్డ రంగు ఎరుపు కాదు. నారింజకి, రోజ్‌మిల్క్‌కి మధ్య ఏదో.

"ఇది ఫైరింజను బుగ్గలా లేదురా. పెళ్లి పందిట్లో లైటులా ఉంది," అన్నారు నాన్న.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. హాలోజన్ వెలుగులో ఎరుపు పాలు దండిగా ఉంటుంది. ఎర్ర డోము మిగతా రంగుల్ని ఆపేసినా బయటికి రావడానికి బోలెడు మిగులుతుంది. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నీలం చిప్పు, దాని మీద పసుపు పూత. అందులో ముదురు ఎరుపు తక్కువ. ఎర్ర డోము దాని వెలుగులో ఎక్కువ భాగాన్ని మింగేస్తుంది. మా డోము ఎండకి వెలిసిపోయి ఉంది కాబట్టి ఆ మింగడం కూడా సరిగ్గా చేయలేక, పసుపుని కాస్త వదులుతోంది. కాబట్టి ఎర్ర డోము వెనక ఎర్ర ఎల్‌ఈడీనే ఉండాలి. నేను పొదుపు చేయబోయి ఆరువందలు వదిలించుకుని నేర్చుకున్నది ఇది.

రంగు ఒకటే కాదు, ఇంకో తిరకాసు ఉంది. ఉత్తర దక్షిణ గోడల మీద వెలుగు బాగా పడుతోంది, తూర్పు పడమర గోడల దగ్గరికొచ్చేసరికి నీరసపడుతోంది. తిరుగుతూ తిరుగుతూ దీపం రెప్ప వేస్తున్నట్టు. డోము తీసి చూస్తే కారణం కళ్లముందే ఉంది. ఈ రకం బుగ్గలో బల్బు మధ్యలో కదలకుండా నిలబడి ఉంటుంది. దాని చుట్టూ రిఫ్లెక్టర్ ఒక్కటే తిరుగుతుంది. మోటారు ఇరుసు మీద మరలాంటి గేరు, అది నైలాన్ పళ్ల చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం మీద రిఫ్లెక్టర్. అంటే బల్బు అన్ని దిక్కులకీ సమానంగా వెలగాలి. నేను తెచ్చిన బల్బు కారు హెడ్‌లైటు కోసం చేసింది. పలకలా ఉండి, చిప్పులు అటొక వైపు, ఇటొక వైపు మాత్రమే ఉన్నాయి. రిఫ్లెక్టర్ పలక అంచు ఎదురుగా వచ్చినప్పుడల్లా దానికి పట్టుకోవడానికి వెలుగు లేదు.

మళ్లీ ఆటోనగర్. అక్కడొక సుఖం ఉంది. లారీలకి రంగురంగుల లైట్లు పెట్టించుకునేవాళ్లు ఉన్నంతకాలం 24 వోల్టుల ఎల్‌ఈడీ బల్బులకి కరువుండదు. అయితే ఎర్రవన్నీ బ్రేకు లైట్ల కోసం చేసిన సింగిల్ కాంటాక్ట్ బల్బులు, పక్కన రెండు పిన్నులుండి, నొక్కి తిప్పితే పట్టుకునే రకం. హెచ్1 హోల్డర్‌లో కూర్చోవు. మా హోల్డర్ ఎలాగూ వేడికి పగిలి పెళుసుబారి ఉంది. దాన్ని తీసేసి, నలభై రూపాయల సింగిల్ కాంటాక్ట్ హోల్డర్ కొన్నాను. దాంతోపాటు మొక్కజొన్న పొత్తులా చుట్టూ చిప్పులున్న ఎర్ర బల్బు, నూట ఇరవై.

పాత హోల్డర్ తీసే ముందు ఒక్క మంచి పని చేశాను. అడుగు రేకు నుంచి హాలోజన్ ఫిలమెంటు మధ్యకి ఎత్తు ఎంతో వెర్నియర్‌తో కొలిచి గోడ మీద పెన్సిల్‌తో రాసుకున్నాను: 41 మిల్లీమీటర్లు. అప్పటికి ఊరికే రాసుకున్నాను, తర్వాత అదే ఆదుకుంది.

పొత్తు బల్బుతో రంగు కుదిరింది. రెప్ప వేయడం పోయింది. గోడ మీద మాత్రం కిరణం లేదు. నేల నుంచి కప్పు దాకా సున్నం కొట్టినట్టు పలచని ఎరుపు, అటూ ఇటూ కదులుతోంది. హాలోజన్ ఫిలమెంటు పొడవు ఐదు మిల్లీమీటర్లు. రిఫ్లెక్టర్‌ని ఆ చిన్న చోటు కోసమే మలిచారు. వెలుగు అక్కడ పుడితేనే అది పోగుచేసి ఒక్కవైపు విసరగలదు. నా పొత్తు మూడు సెంటీమీటర్ల ఎత్తున వెలుగుతోంది. దాని అడుగు భాగం వెలుగు కప్పుకి, పైభాగం వెలుగు నేలకి పోతోంది. షాపులో అందరూ ఎన్ని చిప్పులుంటే అంత గొప్ప అంటారు. బుగ్గకి మాత్రం లెక్క తిరగబడుతుంది. చిప్పులు తక్కువున్నా సరే, అవన్నీ ఒకే పొట్టి పట్టీలో ఉండాలి.

అలాంటిది నాలుగో షాపులో దొరికింది. మెడ చుట్టూ ఒకే వరసలో ఆరు ఎర్ర చిప్పులు, నెత్తిన ఒకటి. మూడువందల యాభై, 10 నుంచి 30 వోల్టులు. నెత్తి మీది చిప్పు మనకి దండగ, అది కప్పుని వెలిగిస్తుంది. దాని మీద నల్ల టేపు వేయబోతే, వేడికి జిగురు కారుతుందని నాన్న ఆపారు. అలాగే వదిలేశాను.

ఇక ఎత్తు సర్దడం. హోల్డర్ కింద వాషర్లు పేర్చి చిప్పుల వరసని 41 దగ్గరికి తేవాలి. ఆ ఆదివారం మధ్యాహ్నం హాలు తలుపులు, కిటికీలు మూసి, దుప్పట్లు కట్టి చీకటి చేశాం. మోటారు వైరు పీకేసి, రిఫ్లెక్టర్‌ని ఒకే గోడవైపు నిలిపాను. నాన్న గోడ దగ్గర స్టూలు మీద పెన్సిల్ పట్టుకుని కూర్చున్నారు. వాషర్లు లేనప్పుడు గోడ మీద మచ్చ బూడిద గుమ్మడికాయంత. రెండు వాషర్లకి కొబ్బరికాయంత అయింది, అంచులు ఇంకా మసక. మూడో వాషర్‌కి ఒక్కసారి బిగుసుకుని అన్నం గిన్నె మూతంత అయింది, మధ్యలో ఎరుపు కళ్లు చెదిరేలా ఉంది. ఇంకొకటి వేస్తే ఇంకా బాగుంటుందేమో అని ఆశ. వేశాను. మళ్లీ పిగిలిపోయింది. నాన్న ఒక్కోసారీ చుట్టూ గీత గీసి, లోపల వాషర్ల అంకె వేశారు. ఆ గీతలు ఇప్పటికీ మా గోడ మీదున్నాయి, సున్నం వేయించే దాకా అమ్మ చేత తిట్లు తప్పవు. మూడో వాషర్ దగ్గర కొలిస్తే వచ్చింది నలభై ఒకటిన్నర.

తప్పులు ఇంతటితో ఆగలేదు. రిఫ్లెక్టర్ మీద పొగ చారికలు ఉంటే బట్టతో గట్టిగా రుద్దాను. రూపాయి బిళ్లంత మేర మెరుపు పూత ఊడి నల్లటి ప్లాస్టిక్ బయటపడింది. దాన్ని గోరువెచ్చటి సబ్బునీళ్లలో ముంచి, దూది ఆనీ ఆనకుండా తుడవాలట. హాలోజన్ బల్బు మార్చేటప్పుడు కూడా నాన్న ఎప్పుడూ గాజుని వేళ్లతో ముట్టుకునేవారు కాదు, జేబురుమాలుతో పట్టుకునేవారు. వేలి జిడ్డు అంటిన చోట వేడెక్కి గాజు దెబ్బతింటుంది. ఆయనకున్న ఆ మెలకువ నాకు రాలేదు. డోము విషయంలో మాత్రం బుద్ధిగా ఉన్నాను. థిన్నర్ జోలికి పోకుండా, వాటర్ పేపర్ వెయ్యి నంబరు, రెండువేల నంబరు నీళ్లతో వేసి, పైన రబ్బింగ్ కాంపౌండ్ పట్టించాను. ఉబ్బిన చోటు అలాగే ఉంది, అది పోదు. గేరు దగ్గర పాత గ్రీజు ముదురు పాకంలా గట్టిపడి ఉంటే పుల్లతో గీకి తీశాను. బేరింగ్ గ్రీజు పెడితే మోటారు ఈడ్చలేక ఈడ్చింది. అదీ తుడిచి, నైలాన్‌కి పడే పలచని తెల్ల గ్రీజు రాశాక తేలికపడింది.

బుగ్గ పని అవుతోందని వీధిలో తెలిసింది. పక్కింటి కుర్రాడొచ్చి, "అన్నా, అయిపోయాక మా బొలెరో మీద ఒక్క వారం పెట్టుకుంటా," అన్నాడు. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీదే తీసేశారు, ఎమర్జెన్సీ బళ్లకి తప్ప ఎవరికీ లేదు, పోలీసులు పట్టుకుంటే నీతోపాటు నన్నూ తీసుకెళ్తారు అని చెప్పాను. మొహం మాడ్చుకుని వెళ్లాడు. అందుకే దీన్ని డాబా మీద కూడా వెలిగించను. ఒక్కసారి పరీక్షకని పెడితే, ఎవరింట్లో ఏమైందని ఎదురింటాయన చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

ఏప్రిల్ 14 సాయంత్రం. టీవీ బల్ల మీద బుగ్గ, వెనక ఆర్‌ఓ అడాప్టర్. నాన్న స్నేహితులు ఇద్దరూ వచ్చారు. టీలు అయ్యాక నాన్నే స్విచ్ వేశారు. క్యాలెండర్, దేవుడి పటాలు, తలుపు. మళ్లీ క్యాలెండర్. ముగ్గురూ ఏమీ మాట్లాడలేదు. నేను మెచ్చుకోలు కోసం చూస్తున్నాను. కాసేపటికి వాళ్లలో పెద్దాయన గ్లాసు కింద పెట్టి,

"బాగానే ఉంది గానీ అబ్బాయ్, బండి స్టార్ట్ చేయలేదు నువ్వు," అన్నాడు.

నాకర్థం కాలేదు. నాన్న నవ్వారు. "అవును. ఇది షెడ్డులో ఉన్నప్పటి స్పీడు."

ఇంజను ఆగి ఉన్నప్పుడు బ్యాటరీల నుంచి వచ్చేది 24 చిల్లర. స్టార్ట్ చేస్తే ఆల్టర్నేటర్ దాన్ని 27, 28కి తీసుకెళ్తుంది, బుగ్గ వేగం అందుకుంటుంది. పొద్దున్నే షిఫ్టు మారేటప్పుడు లైటు, సైరను పనిచేస్తున్నాయో లేదో చూసేది ఇంజను ఆపి ఉండగానే. ఆ వేగం ఒకటి, రోడ్డు మీద వేగం ఇంకొకటి. రిటైరై ఇన్నేళ్లయినా వాళ్ల కళ్లు తేడా పట్టేశాయి. మర్నాడు ఫోన్‌లో స్లోమోషన్ తీసి లెక్కపెట్టాను: నిమిషానికి 128 చుట్లు.

అడాప్టర్‌కి సర్దుబాటు ఏమీ లేదు. సైన్ బోర్డులకి వాడే చిల్లుల రేకు డబ్బా పవర్ సప్లై (ఎస్‌ఎంపీఎస్) ఒకటి కొన్నాను, 24 వోల్టులది. దాని అంచున చిన్న స్క్రూ ఉంటుంది, తిప్పితే వోల్టేజి కొంత పైకీ కిందికీ జరుగుతుంది. మల్టీమీటర్ పెట్టుకుని 27కి తెచ్చాను. బల్బు 30 దాకా తట్టుకుంటుంది కాబట్టి దిగుల్లేదు. ఇప్పుడు నిమిషానికి 144. డోము మీద చెయ్యి పెడితే గంట తర్వాత కూడా చల్లగానే ఉంది.

హాలోజన్‌తో సమానంగా ఉందా అంటే, లేదు. పట్టపగలు ఎండలో రెండూ పక్కపక్కన పెడితే పాతదే గెలుస్తుంది. ఆరు చిప్పుల వరస ఎంత పొట్టిదైనా ఫిలమెంటంత చిన్నది కాదు, కిరణం అంత పదునుగా రాదు. నేను రుద్దిన రూపాయి బిళ్ల మచ్చ కూడా ఎంతో కొంత తింటోంది. చీకటి హాల్లో ఈ తేడా కనబడదు. ఆ హాలోజన్ బల్బుని పారేయలేదు, గుడ్డలో చుట్టి పాత హోల్డర్‌తో సహా డబ్బాలో పెట్టాను.

నిన్న ఆటోనగర్ షాపాయన ఫోన్ చేశాడు. నీలం బుగ్గ ఒకటి వచ్చిందట, అంబులెన్స్‌దట, మూడువందలకే ఇస్తానన్నాడు. ముందు అడుగున ఏం రాసుందో చదివి చెప్పమన్నాను. "పన్నెండు," అన్నాడు. నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండానే, "ఎర్ర బల్బు దానికి పనికిరాదు, నీలానిది వెతుక్కో," అన్నారు.